పచ్చని నీటికి మైలుతుత్తమా?

ఇబ్రహీంపట్నం ప్రాంతమున ఒక ఊరిలో, పెరటి జామచెట్టు ప్రక్కన చిన్న హౌజు కట్టించి, నాలుగు బంగారు చేపలను విడిచి, సాయంకాలము బిడ్డలతో గట్టున కూర్చుండి వాని విలాసమును చూడదలచిన గృహస్థునికి, పక్షము తిరుగకమునుపే నీరు పసరువలె పచ్చబడి చేప జాడయే కానరాకపోయినచో కలుగు ఆశాభంగము సామాన్యమైనది కాదు. అంతట అతడు అంగటికి పోయి మైలుతుత్తమను మందు తెచ్చును. నా అభ్యంతరమంతయు ఆ మందుతోనే.

చేప విసర్జించిన అమ్మోనియాను నీటిలోని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ఆ నైట్రేటును, తినక మిగిలిన మేతనుండి దిగిన భాస్వరమును ఆహారముగా గొని, మన యెండ తోడుకాగా, నాచు బలియును. పగలు ప్రాణవాయువునిచ్చు ఆ నాచే రాత్రివేళ దానిని పీల్చుకొనును గనుక, వేడెక్కిన నీటిలో అసలే అది తక్కువగా కరగు మే మాసమున, తెల్లవారుజామున చేపలు మూతులు పైకి చాచి గుటకలు వేయుచుండును. ఇట్టి సమయమున మైలుతుత్తము వేసినచో నాచు చచ్చుట నిజమే. కాని అందలి రాగి చేప మొప్పలకును విషమే, వానకు నిండిన హౌజులో మరింత విషము. పైగా చచ్చిన నాచు క్రుళ్లుచు ఉన్న ప్రాణవాయువును కూడ హరించును. నాచును పెంచిన ఎరువు మాత్రము నీటిలోనే మిగిలి, మరల నాచునే పుట్టించును. హౌజంతయు తోడి కుళాయినీరు నింపుటయు మేలు కాదు, క్లోరినుకు చేపలును, మేలుచేయు సూక్ష్మజీవులును తాళలేవు.

చేయవలసినది మేత తగ్గించుట. ఆమాశయమే లేని ఈ చేప ఎప్పుడు చూచినను ఆకలిగొన్నట్లు గట్టుకు వచ్చును. దాని దైన్యమును నమ్మరాదు! రెండు మూడు నిమిషములలో తిని ముగించునంతయే వేయవలెను. కలువాకులు సగము నీటిని కప్పవలెను. వారమునకొకసారి కొంత నీరు తోడి జామచెట్టుకు పోసినచో, నాచు తినవలసిన నైట్రేటు చెట్టుకు దక్కును. బదులు పోయు నీటిలోని క్లోరినును ముందుగా విరుగగొట్టవలెను. దారములవంటి నాచును కఱ్ఱకు చుట్టి లాగివేయవచ్చును. గోడల నంటిన పాచిని నేనైతే ముట్టను. చేపలే దానిని గీకి తినును.

ఇబ్రహీంపట్నమునకు పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 16వ శతాబ్దమున, వెలసిన హుస్సేన్‌సాగరము పచ్చబారుటకును మురుగు మోసికొనివచ్చిన నత్రజని, భాస్వరములే కారణము. అచ్చటను మూలము విడిచి మందులు వెదకుట మనకు అలవాటైనది.

విసిగినవారు చేపలను చెరువులో విడుచుట మరియొక అపచారము. 2021లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున, బర్న్స్‌విల్ పురపాలకులు ఒక సరస్సున బాగుగా బలిసిన బంగారు చేపలను కనుగొని, అవి అడుగు బురదను కలచి నీటిని చెరచునని ప్రజలను వారింపవలసి వచ్చినది. పెంచలేనివారు వానిని కొన్న దుకాణమునకో, హౌజున్న పొరుగువారికో ఇచ్చివేయవచ్చును.