బ్యాటరీ ఎన్ని యూనిట్లు?

అమెరికాలో వేసవి సెలవులు దగ్గర పడేకొద్దీ కారు వెనక తగిలించుకుని వెళ్లే చిన్న క్యాంపింగ్ ట్రైలర్ల ప్రకటనలు జోరందుకుంటాయి. పరుపు, స్టవ్, ఫ్రిజ్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి ‘100 ఏహెచ్ బ్యాటరీ, సోలార్ రెడీ’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ‘సోలార్ రెడీ’ అంటే చాలాసార్లు ఉండేది వైరూ సాకెట్టే, ప్యానెల్ మనమే కొనుక్కోవాలి. యోసెమిటీ లాంటి నేషనల్ పార్కులో ట్రైలర్లకు కరెంటు కనెక్షన్ ఉండదు, రాత్రి గడవాలంటే బ్యాటరీయే దిక్కు. అలాంటి వస్తువును కొనేవాడికి అర్థం కాని కొలతలో అమ్మడం అన్యాయం.

ఏహెచ్ (యాంపియర్-అవర్) చెబితే సగం మాటే చెప్పినట్టు. దాన్ని వోల్టులతో గుణిస్తేనే అసలు శక్తి తెలుస్తుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ అంటే 1,200 వాట్-అవర్లు, మన కరెంటు బిల్లు లెక్కలో 1.2 యూనిట్లు. లెడ్ (సీసం) యాసిడ్ బ్యాటరీని పదే పదే సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి నికరంగా దక్కేది 0.6 యూనిట్. ఇక ఖర్చు చూడండి. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ రోజుకు 450 వాట్-అవర్ల దాకా తీసుకుంటుంది. 25 వాట్ల ఫ్యాన్ ఎనిమిది గంటలకు 200, దీపాలకూ ఫోన్లకూ ఇంకో 80. మొత్తం 730. ఒక్క రోజుకే చాలలేదు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 400 ఇస్తుందేమో గానీ, చెట్ల నీడలో ఆ ఆశ కూడా లేదు. అందుకే ముందు వాడకం లెక్క, తర్వాత ఛార్జింగ్ లెక్క, బ్యాటరీ ఎంపిక చిట్టచివర.

లిథియం ఖరీదు కదా అంటారు. నిజమే. కానీ అదే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ యూనిట్‌కు పైగా ఇస్తుంది, లెడ్ బ్యాటరీ బరువులో సగం కూడా ఉండదు, కొన్ని వందల సార్లకు బదులు వేల సార్లు ఛార్జింగ్‌కు తట్టుకుంటుంది. వాడుకున్న ప్రతి యూనిట్‌కు పడే ధర చూస్తే ఏటా తిరిగేవాళ్లకు అదే చవక. సున్నా డిగ్రీల కంటే చల్లబడితే దాన్ని ఛార్జ్ చేయకూడదన్నది మాత్రం మరవకూడదు. ఏడాదికి రెండు రాత్రులు గడిపేవాళ్లకు లెడ్ సరిపోతుంది. ఏ బ్యాటరీ అయినా ఇండక్షన్ స్టవ్ వద్దు: 1,500 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 125 యాంపియర్లు. వంటకు గ్యాసే మేలు. సామాన్యులకు ఈ లెక్కలు ఎక్కవన్న వాదన మాత్రం నేను ఒప్పుకోను. నెలనెలా బిల్లులో యూనిట్లూ స్లాబులూ చూసుకునే గృహిణికి ఇవి ఎందుకు ఎక్కవు? విమానంలో 100 వాట్-అవర్ల పరిమితి ఉంది కాబట్టి అరచేతిలో ఇమిడే పవర్ బ్యాంకు మీద ఆ అంకె అచ్చు వేస్తున్నారు. 30 కిలోల బ్యాటరీ మీద వేయడానికి అడ్డమేమిటి?

మన ఇళ్లలోని ఇన్వర్టర్లదీ ఇదే కథ. 150 ఏహెచ్ ట్యూబ్యులర్ అని అమ్ముతారు, ఎన్ని గంటలు వస్తుందో చెప్పరు. అంతకంటే నన్ను బాధపెట్టేది పాత బ్యాటరీ సంగతి. దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేస్తాం. అది ఏదో ఊరి చివర కొలిమిలో కరిగి, అక్కడి పిల్లల రక్తంలో సీసమై చేరుతుంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ నివేదిక హెచ్చరించింది. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను మన 2022 నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. దాన్ని అడిగి చేయించుకోవాల్సింది మనమే. ట్రైలర్‌కైనా ఇంటికైనా కొనేముందు రెండు ప్రశ్నలు వేయండి: ఇది ఎన్ని యూనిట్లు ఇస్తుంది? పాతది ఎవరు తీసుకెళ్తారు? రెండింటికీ కాగితం మీద జవాబు రాసివ్వని దుకాణంలో బ్యాటరీ కొనకండి.