చిన్న పార్టీలు కలవాలె.. కానీ దేని మీద?

ఓడిపోయిన ప్రతిసారీ ఎర్రజెండా పార్టీల ఆఫీసుల్లో ఒకటే మాట వినబడుతుంది. మనమంతా ఒక్కటైతే ఈ గతి పట్టేది కాదు గదా అని. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని కొత్తగూడెంలో గెలిచింది. సీపీఎం ఒంటరిగా దిగి ఒక్క సీటూ దక్కించుకోలేదు. అంతకుముందు 2014లో చెరొకటి, 2018లో ఇద్దరికీ సున్నా. సాయుధ పోరాటం నడిచిన గడ్డ మీద ఎర్రజెండాకు మిగిలిన లెక్క ఇది. చూసి కడుపు రగలని కార్యకర్త ఉండడు.

అందుకే ఆ కార్యకర్త అడుగుతున్నాడు. ఎందుకు విడిగా ఉన్నాం? ఎవరి కోసం విడిగా ఉన్నాం? న్యాయమైన ప్రశ్న. దానికి నాయకులు చెప్పే జవాబులు రెండే. ఒకరు 'సిద్ధాంతం ముఖ్యం, రాజీ పడం' అంటారు. ఇంకొకరు 'ముందు కలుద్దాం, సిద్ధాంతం సంగతి తర్వాత చూసుకుందాం' అంటారు. ఈ రెండు మందులూ తాగి చూసిన పార్టీ ఒకటి ఈ దేశంలో ఉండేది. అదే సోషలిస్టు పార్టీ. కలిసింది, విడిపోయింది, మళ్లీ కలిసింది, మళ్లీ చీలింది. చివరికి పెద్ద గుంపులో కలిసి కనబడకుండా పోయింది. ఆ చరిత్రలో మన హైదరాబాద్‌కూ ఒక పేజీ ఉంది. ఐక్యత గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఆ చరిత్రను ఒకసారి తిరగేయాలి.

పదహారు శాతం ఎటుపోయింది?

1934లో ఆచార్య నరేంద్రదేవ్, జయప్రకాశ్ నారాయణ్ వంటి వాళ్లు కాంగ్రెస్ లోపలే కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టారు. 1948లో బయటికి వచ్చారు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో సోషలిస్టు పార్టీకి పది శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. లోక్‌సభలో సీట్లు మాత్రం 12. ఆచార్య కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి సుమారు 6 శాతం ఓట్లు, 9 సీట్లు. అదే ఎన్నికల్లో మూడు శాతం పైచిలుకు ఓట్లతోనే కమ్యూనిస్టులు 16 సీట్లు గెలిచారు. సోషలిస్టులకు గుండె పగిలినంత పనైంది.

వెంటనే కూడికలు మొదలయ్యాయి. పది, ఆరు కలిపితే పదహారు శాతం అన్నారు. 1952 సెప్టెంబర్‌లో రెండు పార్టీలూ కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయ్యాయి. ఏ సమస్య మీద ఇద్దరి అభిప్రాయం ఏమిటో తేలకముందే పేరు, జెండా తేలిపోయాయి. 1957 ఎన్నికలు వచ్చేసరికి ఆ పదహారు కాస్తా పది శాతానికి దిగింది. విడివిడిగా 21 సీట్లున్న వాళ్లకు కలిశాక 19 సీట్లే వచ్చాయి. ఈలోగా ఒక చీలిక కూడా జరిగిందనుకోండి. కానీ ఆ చీలిక ఎందుకు వచ్చింది? కలిసేనాడు అడగని ప్రశ్న రెండేళ్లకే నడివీధిలో ఎదురైంది కాబట్టి వచ్చింది.

కాల్పులు ఎవరి సర్కారు జరిపినా కాల్పులే

1954లో తిరువాంకూర్-కొచ్చిన్ రాష్ట్రంలో పట్టం థాను పిళ్లై నాయకత్వాన ప్రజా సోషలిస్టుల ప్రభుత్వం ఏర్పడింది. బలం చాలక కాంగ్రెస్ మద్దతుతో నిలబడిన ప్రభుత్వం. ఆ రాష్ట్రం దక్షిణ కొసన తమిళ తాలూకాల ప్రజలు తమను మద్రాసు రాష్ట్రంలో కలపమని ఉద్యమిస్తున్నారు. ఆ ఏడాది ఆగస్టులో వాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. తమ ప్రాంతం ఎక్కడుండాలో తామే తేల్చుకుంటామన్నందుకు తూటాలు తినడమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పార్టీ ప్రధాన కార్యదర్శి రామ్ మనోహర్ లోహియా అప్పుడు నైనీ జైల్లో ఉన్నాడు. ఉత్తరప్రదేశ్‌లో నీటి తీరువా పెంపు మీద కొట్లాడి జైలుకు పోయిన మనిషి. అక్కడి నుంచే టెలిగ్రామ్ కొట్టాడు. మన ప్రభుత్వం రాజీనామా చేయాలి, విచారణ జరపాలి అని. కాంగ్రెస్ సర్కారు కాల్పులు జరిపితే రాజీనామా అడిగిన మనం, మన సర్కారు జరిపితే నోరు మూసుకుంటామా? ఆయన వాదన ఇంతే. పార్టీ పెద్దలు ఒప్పుకోలేదు. దేశంలో ఉన్న ఒక్క సోషలిస్టు ప్రభుత్వాన్ని మనమే కూల్చుకోవడమా అన్నారు. ఆ ఏడాది నాగ్‌పూర్‌లో జరిగిన ప్రత్యేక సమావేశంలోనూ లోహియా మాట నెగ్గలేదు.

మరుసటి ఏడాది ఇంకో తగాదా. 1955 జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెస్ 'సోషలిస్టు తరహా సమాజం' అని తీర్మానం చేసింది. ఇక కాంగ్రెస్‌తో సహకరించవచ్చని అశోక్ మెహతా వర్గం. ఇది మోసమని మధు లిమయే వంటి యువకులు. లిమయేపై వేటు పడింది. సమర్థించిన లోహియా మీదా పడింది. 1955 డిసెంబర్ చివరి రోజుల్లో, 1956 కొత్త సంవత్సరం మొదట్లో హైదరాబాద్‌లో సమావేశమై లోహియా వర్గం సోషలిస్టు పార్టీని మళ్లీ స్థాపించింది. లోహియా పత్రిక 'మ్యాన్‌కైండ్' వెలువడింది కూడా ఈ నగరం నుంచే. బద్రివిశాల్ పిత్తి వంటి వాళ్లు దానికి అండగా నిలబడ్డారు.

ఈ చీలిక తప్పా? కాదంటాను. ఎవరి పోలీసులు కాల్చారనే దాన్ని బట్టి న్యాయం మారుతుందా లేదా అన్నది చిన్న తేడా కాదు. అశోక్ మెహతా తర్వాత ఎటు పోయాడో చూస్తే ఆనాటి అనుమానం ఉత్తది కాదని తేలుతుంది. 1963లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ మరుసటి ఏడాది కాంగ్రెస్‌లో చేరాడు.

విడిగా ఉండి పెరిగిన ఏడాది

1962లో రెండు సోషలిస్టు పార్టీలూ దెబ్బతిన్నాయి. ప్రజా సోషలిస్టులకు 12, లోహియా వాళ్లకు 6 సీట్లు. మళ్లీ ఐక్యత యాదికొచ్చింది. 1964లో కలిసి సంయుక్త సోషలిస్టు పార్టీ అయ్యారు. 1965 జనవరిలో వారణాసి మహాసభ దగ్గరే విడిపోయారు. ఏడాది కూడా నిండలేదు. పాత ప్రజా సోషలిస్టుల్లో ఒక భాగం బయటికి పోయి తమ పార్టీని మళ్లీ తెరిచింది. ఎస్.ఎం. జోషీ వంటి వాళ్లు సంయుక్తలోనే ఉండిపోయారు.

అసలు పాఠం 1967లో ఉంది. ఈసారి లోహియా విలీనం అడగలేదు. కాంగ్రెస్ ఓట్లను ఓడించేలా ప్రతిపక్షాలు సీట్లు సర్దుకోవాలన్నాడు. ఎవరి జెండా వాళ్లదే, ఎవరి కార్యక్రమం వాళ్లదే. సంయుక్త సోషలిస్టులకు 23 సీట్లు వచ్చాయి. అంటీముట్టనట్టు ఉన్న ప్రజా సోషలిస్టులు 13 దగ్గరే ఆగారు. కాంగ్రెస్ మీద జనానికి ఉన్న కోపం కూడా ఇందులో ఉంది, కాదనను. అయినా ఐదు శాతం ఓట్లతో 23 సీట్లు తెచ్చుకున్నది పార్టీని కలిపేసుకోకుండానే.

ఆ గెలుపులోనూ పుండు ఉంది. బీహార్‌లో కాంగ్రెసేతర ప్రభుత్వం వచ్చింది. పార్లమెంటుకు ఎన్నికైన బీపీ మండల్ రాష్ట్రంలో మంత్రి పదవి తీసుకున్నాడు. లోహియా వద్దన్నాడు. మండల్ పార్టీ వదిలి శోషిత్ దళ్ పెట్టి, ఆ ప్రభుత్వాన్నే కూల్చి, 1968లో ముఖ్యమంత్రి అయ్యాడు. పొత్తుకు నియమం లేకపోతే విలీనమంత చేటే చేస్తుందని దీని అర్థం. లోహియా అది చూడలేదు. 1967 అక్టోబర్ 12న కన్నుమూశాడు.

ఇల్లు కూల్చుకున్న వాళ్లు, ఉంచుకున్న వాళ్లు

1971లో సంయుక్తకు 3, ప్రజా సోషలిస్టులకు 2 సీట్లు. మళ్లీ అదే పాత మందు. అదే ఏడాది విలీనం, తర్వాత కొద్దికాలానికే రాజ్ నారాయణ్ వర్గం బయటికి. 1977లో ఎమర్జెన్సీ మీద కొట్లాటలో సోషలిస్టు పార్టీ తన్ను తాను రద్దు చేసుకుని జనతా పార్టీలో కలిసింది. నియంతృత్వాన్ని దించాలన్న ఆ తెగువను తక్కువ చేయలేం. కానీ ఒక్క సంగతి గమనించండి. జనతాలో జనసంఘ్ కూడా కలిసింది. అయితే దాని వెనుక ఉన్న ఆర్ఎస్ఎస్ ఎక్కడా కలవలేదు. ద్వంద్వ సభ్యత్వం మీద మధు లిమయే వంటి వాళ్లు అడిగింది ఇదే. 1979లో జనతా ప్రభుత్వం పడిపోయింది. జనసంఘ్ వాళ్లు తమ శాఖలతో, తమ మనుషులతో బయటికి వచ్చి 1980లో బీజేపీ పెట్టుకున్నారు. సోషలిస్టులకు తిరిగి పోవడానికి ఇల్లే లేదు. తలా ఒక దిక్కు పోయారు.

విలీనం గురించి మాట్లాడే చిన్న పార్టీ ముందుగా ఆలోచించాల్సింది ఇదే. రేపు కాపురం చెడితే తిరిగి రావడానికి మన కార్యకర్తలు, మన సంఘాలు, మన పత్రిక మిగులుతాయా?

మరి విడిగా ఉంటే చాలా?

చాలదు. విడిగా ఉండటం కూడా ఒక బాధ్యతే. లోహియా పార్టీ విడిగా ఉన్నందుకు లెక్క చెప్పగలిగింది. వెనుకబడిన కులాలు, దళితులు, ఆదివాసీలు, స్త్రీలకు నూటికి అరవై స్థానాలు కావాలన్న మాట పెద్ద గుంపులో కలిసిపోయి ఉంటే అంత గట్టిగా పలికేది కాదు. ఆ మాట బీహార్‌లో 1978లో కర్పూరీ ఠాకూర్ రిజర్వేషన్లుగా మారింది. జనతా ప్రభుత్వం వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు ఎవరు? 1968లో పార్టీని ముంచిన ఆ బీపీ మండలే. 1990లో ఆ నివేదిక మీద దేశం అట్టుడికింది. పార్టీ పోయినా మాట బతికింది.

ఇప్పుడు మన చిన్న పార్టీలను అదే ప్రశ్న అడగాలి. మీ తేడా ఏమిటో మీ ఊరి కార్యకర్తకు ఒక్క వాక్యంలో చెప్పగలరా? యాభై, అరవై ఏళ్ల కిందటి చీలికకు నాటి కారణాలు నాటివి. ఈరోజు పోడు భూమి మీద, కాంట్రాక్టు ఉద్యోగి జీతం మీద, మూతపడుతున్న సర్కారు బడి మీద మీ ఇద్దరి వైఖరి ఒకటే అయితే రెండు ఆఫీసులెందుకు? ఉస్మానియా గోడల మీద ఒకే విద్యార్థి సంఘం పేరుతో వేర్వేరు వర్గాల పోస్టర్లు చూసిన కొత్త విద్యార్థికి ఆ తేడా ఎవరైనా చెప్పారా? చెప్పలేకపోతే అక్కడ ఉన్నది సిద్ధాంతం కాదు. కుర్చీ, ఆస్తి, పాత పగ. దానికి సిద్ధాంతం పేరు పెట్టడం సిద్ధాంతానికే అవమానం.

మనకు ఎరుకైన దారి

ఇంతకీ దారి ఏమిటి? మనం చూడని దారి కాదు. 2009 డిసెంబర్‌లో తెలంగాణ జేఏసీ ఏర్పడినప్పుడు ఏ పార్టీనీ రద్దు చేసుకోమని అడగలేదు. న్యూ డెమోక్రసీ న్యూ డెమోక్రసీగానే ఉంది. బీజేపీ బీజేపీగానే ఉంది. ఉద్యోగ సంఘాలు, విద్యార్థులు, లాయర్లు ఎవరి సంఘంతో వాళ్లు వచ్చారు. అందరినీ కలిపింది ఒక్క డిమాండ్. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె ఆ ఐక్యత మీదనే నడిచింది. పని అయ్యాక ఎవరి దారిన వాళ్లు పోయారు. ఎవరూ ఎవరినీ మోసగాడని అనాల్సిన అవసరం రాలేదు. మరోవైపు 1971లో పది లోక్‌సభ సీట్లు గెలిచిన తెలంగాణ ప్రజా సమితి ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసి ఏమైందో కూడా మనకు ఎరుకే.

కాబట్టి కలవండి. కౌలు రైతు కోసం, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి కోసం, ఫీజు బకాయిల కోసం రేపే కలవండి. సీట్లు సర్దుకోండి, రాసుకున్న నియమాల మీద సర్దుకోండి. విలీనం మాత్రం చివర పెట్టుకోండి. అదీ నాయకుల గదిలో కాదు, కింది శాఖల్లో చర్చించి, ఓటు వేసి. ఆ చర్చలో మొదటి ప్రశ్న 1954 నాటిదే కావాలి. రేపు మన ప్రభుత్వమే వచ్చి, మన పోలీసులే జనం మీద తుపాకీ ఎత్తితే, మనం ఎవరి పక్కన నిలబడతాం? దానికి రెండు పార్టీల కార్యకర్తలూ ఒకే జవాబు చెప్పిన రోజు ఒక్క జెండా కిందికి రావచ్చు. అప్పటిదాకా జెండాలు రెండుంటే నష్టం లేదు. కొట్లాట ఒక్కటిగా ఉంటే చాలు.