వెలుగు పొడియు, వ్రేలిముద్రయు

నేరస్థలమున దొరకు వ్రేలిముద్రలలో పెక్కు కంటికి గానరావు. చెమటయు జిడ్డును వస్తువునకంటి, చర్మరేఖల రూపమున నిలిచియుండును. వానిపై బొగ్గుపొడినో అల్యూమినియము పొడినో కుంచెతో నద్ది పైకి దెచ్చుట పోలీసువారి పాతపద్ధతి. నున్నని గాజుమీద నది చక్కగ పనిచేయును. రంగురంగుల అట్టపెట్టెమీద మాత్రము గీత యేదియో బొమ్మ యేదియో తెలియనీయదు. ఈ చిక్కు దీర్చుటకు శాస్త్రజ్ఞులు నానో పదార్థముల నాశ్రయించుచున్నారు.

నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. అట్టివి కొలదిమాత్రమే పరిమాణముగల స్ఫటికములకు క్వాంటం చుక్కలని పేరు. వానిపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసినచో వెలుగొందును. పదార్థ మొక్కటియే యైనను, కణము చిన్నదైనకొలది నీలమువైపునకును పెద్దదైనకొలది ఎఱుపువైపునకును వన్నె మాఱుట విచిత్రము. వీనికి సంబంధించిన కృషికే బవెండి, బ్రూస్, ఎకిమోవ్ అను మువ్వురకు 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. అయితే ఆ కాంతికి కాగితమును సిరాయు గూడ వెలుగుటవలన ముద్ర మరల మఱుగుపడవచ్చును. ఇట్టర్బియము, ఎర్బియము కలిపిన వేఱొక జాతి కణములకు ఈ దోషము లేదు. అవి కంటికగపడని పరారుణకాంతిని గ్రహించి పచ్చని వెలుగునిచ్చును. చుట్టునున్నది చీకటిగనే యుండును. పలు క్వాంటం చుక్కలలోని కాడ్మియము విషపదార్థము. దినదినము కుంచె పట్టు ఉద్యోగి యూపిరితిత్తుల నెవరు కాపాడుదురు? అందుచేతనే కర్బనపు చుక్కలమీద పరిశోధన సాగుచున్నది.

ఈ విద్య మనకు పరాయిది గాదు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ముద్రలను తరగతులుగ విభజించు పద్ధతిని కూర్చుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఉద్యోగులు పాటుపడిరి. 1901లో స్కాట్లండుయార్డు స్వీకరించిన ఆ పద్ధతికి పేరు మాత్రము పై యధికారి హెన్రీదే నిలిచినది. పాలితుల కష్టము పాలకుల ఖాతా కెక్కుట క్రొత్తగాదు.

కాని ముద్ర స్పష్టముగ గనబడుట వేఱు, అది ఫలానివానిదని నిర్ణయించుట వేఱు. 2004లో మాడ్రిడ్ రైళ్ల ప్రేలుళ్ల దర్యాప్తున నొక ప్లాస్టికు సంచిపై ముద్ర దొరకినది. అది తమ దేశపు న్యాయవాది యొకనిదని అమెరికాలోని ఎఫ్.బి.ఐ. నిపుణులు నిశ్చయించిరి, ఆతడు రెండువారములు నిర్బంధమున నుండెను. ముద్ర వేఱొకనిదని స్పెయిన్ పోలీసులు తేల్చిన పిదప గాని విడుదల కాలేదు. అచట పొరబడినది పొడి కాదు, పోల్చి చూచిన మనుష్యులు.

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త శిక్షాస్మృతి విధానము, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములలో నిపుణుడు స్థలమునకు బోయి సాక్ష్యము సేకరింపవలెనని విధించుచున్నది. ఏర్పాట్లకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువొసగినది. ఈ గడువులో పొడులు కొనుట సులభము. కొనుగోలు పట్టిక వ్రాసిన చాలును. నిపుణులను తరిఫీదు చేయుట కష్టము. మొదటివాని యభిప్రాయము తెలియని రెండవ నిపుణునిచే ప్రతి ముద్రను మరల పరీక్షింపజేయవలెను. ముద్ర ఛాయాచిత్రమును, పరీక్షకుని టిప్పణములను ముద్దాయి వకీలునకు విచారణకు ముందే యీయవలెను. ప్రయోగశాల దర్యాప్తు అధికారి చెప్పుచేతలలో నుండరాదు. బడ్జెటులో వీనికెంత కేటాయింపబడునో శాసనసభ్యులు అడుగవలసిన సమయమిదియే.