వలపు వేరు, వఫా వేరు

మన కొల్లాపూరు తోటల్లో మామిడి పూతంతా కాయగా నిలవదు. యౌవనంలోని వలపూ అట్టిదే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ 1986లో ప్రేమను సాన్నిహిత్యం, మోహం, నిబద్ధత అని విభజించి, మూడవదానిని నిర్ణయంగా పరిగణించారు. ఉర్దూ మిత్రులు వఫా అనేది దీనినే కాబోలు. మన యువకులలో కొరవడినది ఇదేనని మా అభిప్రాయం. అర్ధరాత్రి వరకు సెల్‌ఫోన్‌లో ప్రమాణాలు చేసినవాడు తెల్లవారి తండ్రి ఎదుట ఆమె పేరు పలుకలేడు. మతం మారకుండా పెండ్లాడదలచిన భిన్నమతస్థులను 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం 30 రోజుల ముందు నోటీసు కోరుతుంది; అది కార్యాలయంలో అందరికీ కనబడుతుంది. ఆ నెలలో మోహం ఒక్కటే ఆదుకోజాలదు. అతడు వెనుదిరిగితే మరునాడు యథాప్రకారం కళాశాలకు వస్తాడు; ఆమె చదువు తరచు అక్కడితో ఆగిపోతుంది. ఉద్యోగం వచ్చేవరకు వేచియుండమనడాన్ని మేము తప్పుపట్టము. ఆ మాట ముందు తన ఇంటిలో చెప్పి, పిదప ఆమెను కోరవలెను.