దినానికొక సంకీర్తన

నెల రోజులు దినానికొక పుట రాస్తానని పూనుకొన్న విద్యార్థి, శంషాబాద్‌లోనైనా మరెక్కడైనా, ముప్పయ్యవ నాడు పుటలు లెక్కించుకొని మురిసిపోవడం సహజం. ఆ లెక్కతోనే తృప్తిపడడం మాత్రం తగదు.

దినానికొక సంకీర్తనకు తక్కువ కాకుండా రచించాలన్న నియమాన్ని తాళ్ళపాక అన్నమాచార్యుడు 1424 నుండి 1503 వరకు పాటించాడని ప్రసిద్ధి. మనుమడు చిన్నన్న పేర్కొన్న 32,000 సంఖ్య ఆ 79 ఏళ్ళ దినాలకంటె కొంత ఎక్కువే! వాటిలో ఒకే భావం, ఒకే పోలిక మరల మరల కనిపించే పదాలు లేకపోలేదు. ప్రతిదినం రాసేవానికి అది తప్పదు. మనసు పలుకని నాడు కూడా ఘంటం ఆగలేదని ఆ పదాలే చెబుతాయి.

కుమారుడు పెదతిరుమలాచార్యుడు వాటిని రాగిరేకులపై చెక్కించాడు. తిరుమల ఆలయంలోని అరలో శతాబ్దాలు మరుగునపడిన ఆ రేకులు 20వ శతాబ్దంలో గాని అచ్చుకు నోచుకోలేదు. దొరికినవి సగమైనా లేవు.