నీటి అడుగున కెమెరా: ఒక తండ్రి ప్రశ్న

రాజోలు ప్రాంతం నుండి ఒక సోదరుడు ఈ శీర్షికకు సుదీర్ఘమైన లేఖ రాశారు. వారి కుమారుడు ఆరేళ్లుగా మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపుతాడు, నమాజుకు లోటు రానివ్వడు. అయితే గత రెండేళ్లుగా సెలవు దినాల్లో వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగి, అడుగున బతికే చిన్న చిన్న ప్రాణులను ఫొటోలు తీస్తున్నాడట. ఈ సంగతి తెలిసిన నాటి నుండి తల్లికి నిద్ర లేదు. ప్రాణుల చిత్రాలు తీయడం హరామ్ అని మేనమామ తీర్పు చెప్పేశాడు. తండ్రికేమో కెమెరా ఖరీదు మింగుడు పడటం లేదు. కుమారుడు చేస్తున్నది పాపమో, పిచ్చో, తమకు తెలియని విద్యో చెప్పవలసిందిగా వారు కోరారు.

లేఖతో పాటు రెండు ఫొటోలు జతచేశారు. మొదటి దానిలో ఉన్నది గోరంత ప్రాణి. నత్త జాతికి చెందినదే గాని గుల్ల లేదు. నూడిబ్రాంక్ అని దాని పేరు. వీపు మీద వేళ్లవంటి మొలకలు, వాటి కొసలకు నారింజ రంగు. ఈ రకానికి చెందినవి కుట్టే గుణమున్న మరో ప్రాణిని తిని, దాని కుట్టే కణాలను అరిగించుకోకుండా తమ మొలకల కొసలకు చేరవేసి అక్కడ దాచుకుంటాయి. శత్రువు నోరు పెడితే ఆ అరువు ఆయుధమే కాపాడుతుంది. గుల్ల లేని నత్తకు ఇచ్చిన కవచం అది.

రెండవ ఫొటోలో ఒక బొరియ, దాని వాకిట ఒక చిన్న చేప, పక్కనే ఒక రొయ్య. రొయ్యకు చూపు బహు మందం, తవ్వడంలో మాత్రం దిట్ట. చేపకు కన్ను చురుకు, తవ్వడం రాదు. రొయ్య బొరియ తవ్వి ఇసుక బయటికి తోస్తూ ఉంటే చేప కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం పొడసూపితే చేప తోక అదిలిస్తుంది, ఆ కదలిక అందిన క్షణంలో రెండూ లోపలికి చేరతాయి. మా తరగతి గదిలో రొయ్య అంటే ఒక మస్అలా మాత్రమే. అది చేప కోవలోకి వస్తుందా రాదా, హనఫీలు తినవచ్చా కూడదా అని పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాము. మా చుట్టూ ఉన్న చెరువుల్లో అది కిలో లెక్కన ధర పలికే సరుకు. ఒక చేప భుజాన మీసం వేసి నిలబడిన రొయ్యను చూడటం మాకు ఇదే మొదలు. ఆ ఫొటో వైపు చాలాసేపు చూశామని చెప్పడానికి సంకోచం లేదు.

ఇంత లోతున ఈ రంగులెలా కనబడ్డాయని వారు అడిగారు. కంటికి కనబడవు. నీరు వెలుగును ఒక్కసారిగా గాక వరుసగా మింగుతుంది. మొట్టమొదట పోయేది ఎరుపు. పది మీటర్ల లోతుకు చేరేసరికి ఎర్రని వస్తువు బూడిదరంగుకో నలుపుకో తిరుగుతుంది, మిగిలేది నీలం. అందుకే డైవర్లు కెమెరాకు ఇరువైపులా దీపాలు అమర్చుకుంటారు. ఆ వెలుగు పడిన క్షణాన మాత్రమే నారింజ నారింజగా కనబడుతుంది. మళ్లీ చీకటి. ఇక్కడ కొందరు ఉపన్యాసకులు నూర్ సూరాలోని సముద్రపు చీకట్ల ఉపమానాన్ని తెచ్చి సైన్సు పాఠంగా మార్చివేస్తారు. అది సత్యతిరస్కారుల కర్మల గురించిన ఉపమానం. దానిని ఆ స్థానంలోనే ఉంచి చదవడం మాకు సమ్మతం.

ఈ పని ఏదో మన అంతర్వేదిలోనే చేసుకోరాదా అని తండ్రిగారి మరో మాట. వాసిష్ఠ, వైనతేయ, గౌతమి మోసుకొచ్చే ఒండ్రుతో మన తీరపు నీరు బురద రంగులో ఉంటుంది. అరచేయి కూడా కనబడని నీటిలో కెమెరాకు పని లేదు. మన రాష్ట్రంలో అందుకు కొంత అనువైన చోటు విశాఖపట్నం. రుషికొండ వద్ద ఈ విద్య నేర్పేవారున్నారు.

విశాఖ మాట వచ్చింది గనుక ఒక పాత సంగతి చెప్పాలి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు తొలుత సిరియాలోని హలబ్ నగరంలో ఏళ్ల తరబడి వైద్యం చేశాడు. తర్వాత 1780లలో విశాఖపట్నం చేరి, జాలరులు తెచ్చిన చేపలకు మన దేశపు చిత్రకారుని చేత బొమ్మలు వేయించాడు. ఆ విధంగా రెండు వందల చేపల గ్రంథం 1803లో లండన్‌లో వెలువడింది. అతడు చేసిన మంచి పని ఏమిటంటే, చేపల పేర్లను జాలరుల నోట విన్నట్లే రాసుకోవడం. మన సంతలో అమ్మే కనగుర్త శాస్త్రీయ నామంలో నేటికీ ‘కనగుర్త’ అనే ఉంది. ఇటువంటి పనినే ఎర్ర సముద్రం ఒడ్డున స్వీడన్ దేశీయుడు పీటర్ ఫోర్స్కాల్ చేశాడు. అతడు 1763లో యమన్‌లో జ్వరంతో మరణించగా, రాతప్రతులను సహచరుడు నీబూర్ 1775లో ప్రచురించాడు. అందులో అరబ్బు జాలరుల మాటలే చేపల పేర్లయ్యాయి. పగడపు దిబ్బల చుట్టూ తిరిగే ఒక చారల చేప జాతిని ప్రపంచమంతా ‘అబూదఫ్దఫ్’ అనే పిలుస్తోంది. అబూ అన్న మాట మన పిల్లలకు తెలియనిదా! మస్కట్‌లోని అబ్బాయి కెమెరా ముందుకు ఆ చేప వచ్చే ఉంటుంది.

ఇక మేనమామగారి తీర్పు. ప్రాణుల చిత్రరచన గురించి హదీసుల్లో తీవ్రమైన హెచ్చరికలున్న మాట వాస్తవం. చేతితో గీసిన చిత్రానికి, కెమెరా పట్టుకున్న నీడకు భేదముందా అన్న చోటనే ఉలమాలు వేరుపడ్డారు. 1914 నుండి 1920 వరకు ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ, ఫొటో అనేది కొత్త సృష్టి కాదని, ఉన్న నీడను నిలిపి ఉంచడమేనని పుస్తకం రాశారు. మన ఉపఖండపు పెద్దల్లో ముఫ్తీ ముహమ్మద్ షఫీ మొదలైనవారు దానిని అంగీకరించలేదు. తెర మీద కనబడే డిజిటల్ బింబం వేరు, కాగితం మీద అచ్చయినది వేరు అన్నవారూ తరువాత వచ్చారు. ఈ శీర్షిక ఫత్వా పీఠం కాదు. అబ్బాయి తాను నమ్మే ముఫ్తీని అడిగి నడుచుకోవాలి. ఉలమాల మధ్య అభిప్రాయభేదమున్న విషయంలో మేనల్లుణ్ణి పెళ్లి విందులో పదిమంది ఎదుట పాపి అనడం మాత్రం ఏ పక్షం వారూ నేర్పలేదు. ప్రాణం లేని చెట్టూచేమను చిత్రించుకోమని ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక చిత్రకారునికి చెప్పారు గదా, పగడం ఏ కోవలోకి వస్తుందన్నది మా విద్యార్థులకు వేయదగిన ప్రశ్న. చూపుకు చెట్టు, చేతికి రాయి, నిజానికి వేలాది సూక్ష్మప్రాణుల కాపురం.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది వేరొకటి. మంచి ఫొటో కోసం ఆ ప్రాణులను బాధపెట్టేవారున్నారు. నత్తను పుల్లతో లేపి రంగు బాగున్న చోటికి మార్చడం, ముడుచుకున్న దానిని పొడిచి విప్పించడం, కెమెరా స్థిరంగా ఉండేందుకు పగడం మీద మోకాలు ఆనించడం. ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క మోకాటికి విరిగిపోతుంది. చోటు మారిన నత్తకు అక్కడ ఆహారం దొరకకపోవచ్చు, ఎందుకంటే వాటిలో అనేకం ఏదో ఒక్క రకాన్నే తిని బతుకుతాయి. గూటి నుండి పిల్లలను తీసుకున్న సహచరులతో, తల్లిపక్షి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి అక్కడే ఉంచమన్న దైవప్రవక్త (స) ఉమ్మత్ మనం. తండ్రిగారు ఖరీదు గురించి గాక దీని గురించి ముందుగా అడగవలసింది. నీటిలో పైకీ కిందికీ పోకుండా, దేనినీ తాకకుండా నిలబడటం వచ్చిన తర్వాతనే కెమెరా చేతికివ్వాలని బాధ్యతగల శిక్షకులు పట్టుబడతారు. మీ అబ్బాయికి అది వచ్చా? ఒమాన్‌లోని దైమానియాత్ దీవులు 1996 నుండి రక్షిత ప్రాంతం, అక్కడికి అనుమతి తీసుకునే వెళ్లాలి. మన దేశంలోనైతే సముద్రపు గుర్రాలు, పగడాలు వన్యప్రాణి చట్టపు రక్షణలో ఉన్నాయి. జ్ఞాపకార్థమని సంచిలో వేసుకుని రావడం నేరం.

తల్లిగారి భయం అర్థం లేనిది కాదు. ఒకనాడు ఆ ఖలీజ్ జలాల్లోనే ముత్యాల కోసం మనుషులు ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఒక్క ఊపిరి మీద దిగేవారు. ఎందరో అప్పుల కింద నలిగి ఆ వృత్తిలోనే పోయారు. నేటి డైవరుకు గాలి ఉంది, కొలత ఉంది, జతగా మరొకరు ఉంటారు. అయినా పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చినుగుతాయి. తొందరపడి వస్తే రక్తంలో కరిగిన నత్రజని బుడగలై కీళ్లను, నరాలను పట్టుకుంటుంది. తనను తాను చేజేతులా నాశనంలో పడవేసుకోరాదన్న ఆజ్ఞ ఇక్కడ వర్తిస్తుంది. శిక్షణ లేకుండా దిగితే, ఒంటరిగా దిగితే, ధ్రువపత్రం అనుమతించిన లోతును దాటితే ఆ ఆజ్ఞను మీరినట్లే. తొలి మెట్టు శిక్షణ పొందినవారికి ఆ హద్దు 18 మీటర్లు. ఫొటో ధ్యాసలో గాలి ముల్లు చూడటం మరచిపోవడమే ఈ సరదాలోని అసలు ప్రమాదం.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఇంటి ఖర్చులు, చెల్లెలి చదువు, జకాత్ అన్నీ చెల్లించిన తర్వాత మిగిలిన దానితో కొన్నాడని మీరే రాశారు. మరి లెక్క అడగడం దేనికి?

వచ్చే నెల సెలవుపై వస్తున్నాడని రాశారు. విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు నీటిలో దిగకుండా ఉండాలి, పూర్తిగా ఒక రోజు ఉంటే ఇంకా మేలు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గడం వల్ల ఒంట్లో మిగిలిన నత్రజని అక్కడ బుడగ కట్టవచ్చు. ఈ మాట తల్లిగారి చేత చెప్పించండి.