అయిదున్నర గంటల ప్రయాణం

హైదరాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన దూరం దాదాపు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా ఆగని విమానం సుమారు అయిదున్నర గంటల్లో అక్కడికి చేరుస్తుంది. మన పెద్దలు రైలులో బొంబాయి వెళ్ళి, ఓడ ఎక్కి, రోజుల తరబడి సముద్రం మీద గడిపి జిద్దా రేవులో దిగేవారు. 1995తో ఆ హజ్ ఓడల ప్రయాణం ముగిసింది. శ్రమ తగ్గినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు. అయితే యాత్రా విధులను తోటివారిని అడిగి నేర్చుకునే తీరిక ఓడలో వారికి ఉండేది. మనకు ఆ తీరిక లేదు. నేర్చుకోవలసినదంతా ఇల్లు విడవకముందే నేర్చుకోవాలి.

మొదటిది ఇహ్రామ్. హజ్, ఉమ్రా యాత్రికులు ఇహ్రామ్ లేకుండా దాటరాని హద్దులను, అంటే మీఖాత్‌లను, దైవప్రవక్త (సల్లం) స్వయంగా నిర్ణయించారు. జిద్దాకు వెళ్ళే మన విమానాలు సాధారణంగా ఆ హద్దును గాలిలోనే దాటుతాయి. విమానం నిమిషానికి పది కిలోమీటర్లకు పైగా పోతుంది. పది నిమిషాలు కునుకు తీస్తే వంద కిలోమీటర్లు వెనకబడినట్లే! ఇహ్రామ్ వస్త్రాలను సామానులో పెట్టి విమానం అడుగుకు పంపేసి, ప్రకటన వినిపించాక కంగారు పడే సోదరులు ఎందరో. ఆ వస్త్రాలు ఇంటివద్దనే ధరించి, మీఖాత్ సమీపించగానే నియ్యత్ చేసి, తల్బియా పలకడం సులువైన మార్గం. ఋతుస్థితిలో ఉన్న సోదరి కూడా నియ్యత్‌ను వాయిదా వేయరాదు. తవాఫ్ మాత్రం శుద్ధి పొందాకే చేయాలి. ముందుగా మదీనాకు వెళ్ళేవారు అక్కడినుంచి మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రామ్ పూనుతారు.

రెండవది నమాజ్. రెండు నగరాల గడియారాలకు రెండున్నర గంటల తేడా ఉంది. తెల్లవారుజామున బయలుదేరిన విమానం పడమరకు ఎంత వేగంగా పోయినా, వేకువ వెలుగు దానిని వెనకనుంచి అందుకుంటుంది. ఫజ్ర్ వేళ గాలిలోనే ప్రవేశిస్తుంది. అప్పుడు చేతి గడియారంలోని హైదరాబాద్ వేళా, జిద్దా వేళా ప్రమాణం కావు. కిటికీ బయటి ఆకాశమే ప్రమాణం. తిరుగు ప్రయాణంలో సూర్యునికి ఎదురు వెళ్తాం కనుక ఫజ్ర్ వేళ త్వరగా గడిచిపోతుంది. మరింత జాగ్రత్త అవసరం. ఉపవాసి కూడా తనకు కనిపించే సూర్యుడు అస్తమించాకే ఇఫ్తార్ చేయాలి. పడమటి ప్రయాణంలో పగలు సాగుతుంది కనుక అది భారమనిపిస్తే, ఉపవాసాన్ని తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ప్రయాణికునికి అల్ బఖరా సూరాలోనే ఉంది. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు ప్రయాణంలో రెండుగా తగ్గుతాయి. ఫజ్ర్, మగ్రిబ్ తగ్గవు.

తల్లిదండ్రులను యాత్రకు పంపుతున్న బిడ్డలారా! టికెట్టు కొనివ్వడంతో మీ బాధ్యత తీరలేదు. బయలుదేరడానికి ముందే ఒక సాయంత్రం వారి పక్కన కూర్చోండి. ఇహ్రామ్ కట్టుకోవడం, తల్బియా పలకడం వారిచేత ఒకసారి చేయించండి. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమాంను అడగండి. జీవితమంతా కూడబెట్టి చేసే ప్రయాణం, తెలియని ఒక్క పొరపాటుతో వారి మనసులో కలతగా మిగలకూడదు.

అల్లాహ్ ప్రతి యాత్రికుని ప్రయాణాన్ని సులభతరం చేసి, వారి ఆరాధనను స్వీకరించుగాక! ఆమీన్.